ఇంపోర్టెడ్ చక్‌లు, వైస్‌లు ఇకపై కడిగి, కొలిచి ఇస్తాం

మా కస్టమర్లందరికీ నమస్కారం.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని మా షాపులో అమ్మే చైనా లేత్ చక్‌లను (లేత్ మీద తిరిగే పీసును పట్టుకునేవి), మెషిన్ వైస్‌లను (పీసును కదలకుండా బిగించి పట్టేవి) ఈ నెల నుంచి మేమే విప్పి, కడిగి ఇవ్వడం మొదలుపెట్టాం. చక్‌లకైతే డయల్ గేజ్ (సన్నని తేడాను ముల్లుతో చూపించే సాధనం) పెట్టి చూసి, వచ్చిన రీడింగ్‌ను డబ్బా మీద రాస్తున్నాం. దీనికి చార్జి ఉంది. 80, 100 మి.మీ. చక్‌లకు 400 రూపాయలు, 125, 160 మి.మీ. చక్‌లకు 600, వైస్‌కు 300. మేమే కడుక్కుంటాం అనేవాళ్లకు సీలు విప్పని డబ్బా పాత ధరకే ఇస్తాం. ఆ చార్జి దేనికో మీకు తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

చవక చక్ అంటే ఇనుమే నాసిరకం అనుకుంటారు చాలామంది. కొన్నిట్లో అదీ నిజమే. కానీ మా చేతికి వచ్చే సరుకులో ఎక్కువ తేడా కనిపించేది చివరి పనిలో. పోత, మెషినింగ్, గ్రైండింగ్ అన్నీ మెషిన్ల మీద చకచకా అయిపోతాయి. అంచుల బర్ (కోసిన చోట మిగిలే పదునైన పొక్కు) తీయడం, లోపల కడగడం, ఒక్కో జా (పీసును పట్టే దవడ) దాని గాడిలో ఎలా నడుస్తుందో చూసి సరిచేయడం మాత్రం మనిషి చేత్తో నిదానంగా చేయాల్సిన పనులు. ధర తగ్గించాలంటే ముందు కోత పడేది వీటికే. ఆ మిగిలిపోయిన పని కొన్నవాళ్లైనా చేయాలి, అమ్మినవాళ్లైనా చేయాలి.

డబ్బా తెరవగానే గోధుమ రంగులో జిగురుగా కనిపించే గ్రీజు చక్ నడవడానికి పెట్టింది కాదు. వారాల తరబడి సముద్రం మీద ఉప్పు గాలికి తుప్పు పట్టకుండా పూసింది. ఆ పని అది బాగానే చేస్తుంది. చిక్కేమిటంటే, ఫ్యాక్టరీలో కడగకుండా వదిలేసిన పోత ఇసుక, గ్రైండింగ్ రాయి పొడి, ఇనుప రజను దాంట్లోనే ఇరుక్కుని ఉంటాయి. అలాగే లేత్‌కు బిగించి వాడితే, ఇంజన్ వాల్వులకు రాసే గ్రైండింగ్ పేస్టులా తయారై స్క్రోల్ (చక్ కీ తిప్పితే జాస్‌ను కదిపే చుట్ల పళ్లెం) పళ్లను, జాస్ పళ్లను కొత్తలోనే తినేస్తుంది. "చక్ కీ తిప్పుతుంటే కరకరమంటోంది" అని మీలో చాలామంది చెప్పింది దీని గురించే.

సొంతంగా చేసుకునేవాళ్ల కోసం మా పద్ధతి చెబుతాను. ముందు జాస్ మీద, బాడీ గాడుల మీద 1, 2, 3 అంకెలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే విప్పకముందే మార్కర్‌తో రాసుకోండి. కీ తిప్పుతూ జాస్ పూర్తిగా బయటికి తీసేయండి. వెనక స్క్రూలు విప్పితే ఎక్కువ మోడళ్లలో మూత, స్క్రోల్, మూడు పినియన్లు (కీ పెట్టి తిప్పే చిన్న పళ్ల చక్రాలు) బయటికి వస్తాయి. ఏ పినియన్ ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టుకోండి. అన్నిటినీ కిరోసిన్‌లో నానబెట్టి గట్టి బ్రష్‌తో తోమండి. స్క్రోల్ మూలలకు పాత టూత్‌బ్రష్ బాగా పనికొస్తుంది. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్ వాడొచ్చు. పెట్రోల్ మాత్రం వద్దే వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. కంప్రెసర్ గాలి కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. వాడిన కిరోసిన్ డ్రైనేజీలో పారబోయకండి. ఒక రాత్రి కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైది వంచుకుని మళ్లీ కడగడానికి వాడుకోవచ్చు.

కడిగాక అంచుల వెంట గోరు నడిపితే బర్ ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ మాత్రమే ఆయిల్ స్టోన్‌తో నెమ్మదిగా రుద్దండి. ఆకురాయి పట్టి ముఖమంతా రాకితే కొలతే పోతుంది. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది చక్ వెనకభాగం, అంటే చక్‌ను లేత్‌కు కలిపే బ్యాక్‌ప్లేట్‌కు ఆనుకునే చోటు. అక్కడ పెయింటు చుక్కో, చిన్న బర్రో మిగిలినా చక్ ఒరిగి కూర్చుంటుంది. చక్ బాగోలేదని వాపసు తెచ్చినవాటిలో అసలు లోపం చాలాసార్లు ఇక్కడే కనిపించింది.

తిరిగి బిగించేటప్పుడు స్క్రోల్ మొదలు 1వ గాడిలోకి రాగానే కొంచెం వెనక్కి తిప్పి 1వ జా పెట్టండి. తర్వాత 2, ఆ తర్వాత 3. వరస తప్పితే మూడూ మధ్యలో కలవవు. స్క్రోల్‌కు పల్చగా గ్రీజు రాస్తే చాలు, ఎక్కువైతే ఇనుప తురుము అంటుకుని వదలదు.

ఇక డబ్బా మీద రాసే అంకె. గ్రౌండ్ రాడ్ (గ్రైండింగ్ చేసి కచ్చితంగా గుండ్రంగా చేసిన రాడ్) బిగించి, జాస్‌కు దగ్గరలో డయల్ ఆనించి, చక్‌ను ఒక చుట్టు తిప్పితే వచ్చే మొత్తం తేడా అది. 0.08 మి.మీ. అని ఉంటే రాడ్ సెంటర్ నుంచి 0.04 పక్కకు ఉన్నట్టు. పక్కనే రాడ్ సైజు కూడా రాస్తాం, ఎందుకంటే స్క్రోల్ మొదటి నుంచి చివరి దాకా ఒకే కచ్చితత్వంతో ఉండదు. 20 మి.మీ. రాడ్‌కు 0.05 చూపించిన చక్కే 40 మి.మీ. రాడ్‌కు 0.09 చూపించొచ్చు. మీ లేత్ స్పిండిల్‌లో (చక్‌ను తిప్పే ఇరుసులో), మీ బ్యాక్‌ప్లేట్‌లో ఉన్న తేడా దీనికి అదనం. మేం కొలిచినప్పుడు 0.10 దాటిన చక్‌ను అమ్మం, సప్లయర్‌కు తిప్పి పంపేస్తాం.

నూరో వంతు మిల్లీమీటరులో పని చేయాలనుకునేవాళ్లు మాత్రం త్రీ జా చక్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఫోర్ జా ఇండిపెండెంట్ తీసుకుని, డయల్ పెట్టి ఒక్కో జా సెట్ చేసుకోండి. చైనా చక్‌ల మీద కె11 అని ఉంటే త్రీ జా, కె72 అంటే ఫోర్ జా ఇండిపెండెంట్. కె12కి కూడా నాలుగు జాస్ ఉంటాయి కానీ అవన్నీ కలిసే కదులుతాయి, ఒక్కోదాన్ని విడిగా సెట్ చేయలేరు. ఫొటో చూసి ఆర్డర్ పెట్టేటప్పుడు ఈ నంబర్ తప్పక చూడండి.

కడిగినా బాగుపడనివీ ఉన్నాయి. మూల మీద ఆకురాయి పెట్టి చూస్తే జారిపోకుండా సులువుగా కొరికిందంటే ఆ జాస్‌కు హార్డెనింగ్ (ఉక్కును వేడి చేసి గట్టిపరచడం) సరిగా జరగలేదు. అలాంటివి మేం పక్కన పెట్టేస్తున్నాం. పోతలో పడిన బొక్కలను పుట్టీతో పూడ్చి, పైన మందంగా పెయింట్ వేసిన బెంచ్ వైస్‌లు తెప్పించడం పూర్తిగా ఆపేశాం. మెషిన్ వైస్‌లకైతే అడుగున పెయింట్ తీసి, గాడులు శుభ్రం చేసి ఇస్తాం, కానీ బిగించినప్పుడు కదిలే జా కాస్త పైకి లేవడం పూర్తిగా పోదు. బిగించాక పీసును నైలాన్ సుత్తితో తట్టి కూర్చోబెట్టాలి. బంగారు రంగు డ్రిల్ బిట్ సెట్లు కూడా ఇక దొరకవు. టైటానియం నైట్రైడ్ కోటింగ్ మంచిదే, కానీ కింద ఉన్నది సరైన హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కాకపోతే ఆ రంగుతో ఒరిగేదేమీ లేదు.

ఈ సరుకును నేను చిన్నచూపు చూడటం లేదు. బాలానగర్‌లో ఒక్క మెషిన్‌తో షెడ్డు తెరిచిన టర్నర్‌కు, పాలిటెక్నిక్ ల్యాబ్‌కు, ఇంట్లో మినీ లేత్ పెట్టుకుని పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు చేతికందే ధర ఇదే. యూరప్ చక్ కొనే డబ్బుంటే వాళ్లు ఇంకో మెషిన్‌కు అడ్వాన్స్ ఇస్తారు. వాళ్లు కొన్న వస్తువు మొదటి రోజు నుంచే సరిగ్గా నడవాలన్నది నా పట్టుదల.

విశాఖ, కాకినాడ వైపు పంపే పార్సిళ్లకు ఆయిల్ రాసి, ఆయిల్ పేపర్ చుట్టి పంపుతున్నాం. పాత గ్రీజు పోయాక సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి, వాడకం లేని రోజుల్లో మీరు కూడా నూనె గుడ్డతో ఒకసారి తుడుస్తూ ఉండండి.

ఇంతకు ముందు మా దగ్గర కొన్న చక్‌లను శనివారాలు తీసుకొస్తే చార్జి లేకుండా కడిగి, కొలిచి ఇస్తాం. బిల్లు లేకపోయినా పర్వాలేదు. చక్‌తో పాటు వచ్చిన రెండు సెట్ల జాస్, చక్ కీ తెచ్చుకోండి. వీలైతే బ్యాక్‌ప్లేట్ కూడా విప్పి తెస్తే ఆనుకునే ముఖం చూసి, బర్ ఉంటే అక్కడే తీసిస్తాం. బయటి ఊళ్లవాళ్లు పార్సిల్‌లో పంపొచ్చు, రానుపోను ట్రాన్స్‌పోర్ట్ ఖర్చు మాత్రం మీదే.