పుట్టపాక గుంటమగ్గం నుంచి బాలి దాకా నాకు తోడైన వారికి కృతజ్ఞతలు

నల్లగొండలో లెక్కల టీచరుగా పనిచేసి ఉద్యోగ విరమణ పొందిన నేను, ఖాళీగా కూర్చోవడం చేతగాక ఇక్కత్ పని నేర్చుకోవడం మొదలుపెట్టి, ఆ ఆసక్తితోనే ఇండోనేసియాలోని బాలి ద్వీపం దాకా వెళ్లి, అక్కడి నేతపనిని కళ్లారా చూసి, క్షేమంగా తిరిగి వచ్చాను. ఈ ప్రయాణంలో నాకు సాయపడిన వారిలో కొందరికి తెలుగు రాదు. తెలుగు వచ్చినవారికి ఎదురుపడి కృతజ్ఞతలు చెప్పబోతే "గీ మాత్రానికి థాంక్స్ ఎందుకు టీచరమ్మా" అని మాట మార్చేస్తున్నారు. అందువల్ల ఎవరు నాకు ఏం చేశారో నలుగురికీ తెలిసేటట్లు రాయడమే నాకు మిగిలిన దారి. పేర్లు బయటపెట్టడం వారికి ఇష్టమో కాదో తెలియదు కనుక వరుసలతోనే చెబుతాను.

మొదటి నమస్కారం పుట్టపాకలో నాకు పని నేర్పిన అన్నకూ, వదినకూ. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఉండి, 2016లో జిల్లాల విభజన తర్వాత యాదాద్రి భువనగిరిలో చేరిన ఆ ఊరు తేలియా రుమాలుకు పేరుపొందింది. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఎగుమతైన ఆ ఎరుపు, నలుపు, తెలుపు రంగుల రుమాలును ఇవాళ నిలబెట్టినవారు పుట్టపాక నేతకారులే. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మునుగోడు మీదుగా నారాయణపురం బస్సెక్కి, అడ్రసు కూడా సరిగా తెలియకుండా వెళ్లిన నన్ను ఆ ఇంటివారు లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, ఎందుకొచ్చానో విన్న తర్వాత ఒక్క ప్రశ్న మాత్రమే అడిగారు: "కింద కూసోగలుగుతరా?" మోకాళ్ల నొప్పుల సంగతి దాచి, కూర్చోగలనన్నాను.

నిలువుగా సాగే పడుగు దారాలకూ అడ్డంగా సాగే పేక దారాలకూ నేతకు ముందే రంగులద్ది, మగ్గం మీద రెండూ కలిసే చోట బొమ్మ కుదిరేటట్లు చేయడం డబుల్ ఇక్కత్. రంగు అంటకూడని చోట దారాల కట్టను సైకిల్ ట్యూబు నుంచి సన్నగా కోసిన రబ్బరు పట్టీతో బిగించి కడతారు. ఎక్కడ కట్టాలో గ్రాఫు కాగితం చెబుతుంది. ఏళ్ల తరబడి పదో తరగతి పిల్లలకు ఎక్స్ అక్షం, వై అక్షం చెప్పిన నాకు, ఆ రెండు అక్షాలూ దారాలై, ఒక్క గడి తప్పినా పువ్వు రేక పక్కింట్లో పడే లెక్క అది అని అన్న కాగితం విప్పినప్పుడే అర్థమైంది. నా బళ్లో ఈ కాగితం ఒక్కటి గోడకు అంటించి ఉంటే గ్రాఫు పాఠం సగం తేలికయ్యేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

వదిన నేర్పిన పని ఆసు పోయడం, అంటే రంగులద్దే ముందు పేక దారాన్ని వరుసగా అమర్చడం. కొయ్యకు అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల మధ్య దారాన్ని ముందుకీ వెనక్కీ పోస్తూ పోవాలి. ఒక చీరకు చేయి వేల సార్లు అటూ ఇటూ కదలాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం ఆ ఇంట్లోనూ ఉంది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. అయినా వదిన నన్ను యంత్రం దగ్గరికి రానివ్వలేదు. "ముందుగాల చేతితోని పోయండి, మిషన్ ఎందుకచ్చిందో అప్పుడు ఎరకైతది" అన్నారు. ఆ సాయంత్రానికి భుజం పైకి లేవక, నల్లగొండ బస్సులో కమ్మీ పట్టుకోవడానికి కూడా కష్టమైంది. వదిన చెప్పింది నిజం. ఆ నొప్పి తెలిశాక చీర ధర మీద బేరమాడడం నా వల్ల కావడం లేదు, ప్రింటు గుడ్డను ఇక్కత్ అని అమ్మే దుకాణంలో నోరు మూసుకోవడం అంతకన్నా కావడం లేదు.

రంగులద్దే రోజులు వచ్చేసరికి ఆ ఇంటి పనుల మధ్యలో నా కోసం వారు ప్రత్యేకంగా చిన్న కట్ట నూలు తీసిపెట్టారు. ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూనె కలిపి, నూలును అందులో నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి రోజుల తరబడి సాగే పని అది; నూనె, బూడిదలోని క్షారం కలిసి పోగులోకి దిగితేనే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. తేలియా అన్న పేరూ, గుడ్డకు పట్టే నూనె వాసనా అక్కడి నుంచే వచ్చాయి. చివరికి నేను కట్టిన పట్టీలతో, ఎక్కువ భాగం అన్న నేసిన, రుమాలు అనడానికి సరిపోనంత చిన్న గుడ్డ ఒకటి తయారైంది. దానికి వారు డబ్బు తీసుకోలేదు. నూలు ఖరీదైనా తీసుకోమంటే, "బాలి పోయి ఆళ్లెట్ల నేస్తరో చూసొచ్చి మాకు చెప్పండి, అదే ఫీజు" అన్నారు.

ఆ ఫీజు కట్టడానికే, నాతో పనిచేసి విరమణ పొందిన మరో టీచరును వెంటబెట్టుకుని కౌలాలంపూర్ మీదుగా బయలుదేరాను. కౌలాలంపూర్‌లో విమానం ఎక్కే చోట, పైన చోటు లేదంటూ నా చేతి సంచిని తీసుకుని కింద సామాన్లలో వేశారు. బాలి రాజధాని డెన్పసార్‌లో దిగేసరికి అది రాలేదు. బీపీ మాత్రలు, చదువుకునే కళ్లజోడు, పుట్టపాక గుడ్డ, మూడూ అందులోనే ఉన్నాయి. సామాన్ల ఫిర్యాదు కౌంటర్ దగ్గర మేమిద్దరం బిక్కమొహాలు వేసుకుని నిలబడితే, "అక్కా, తెలుగోళ్లా మీరు?" అని వెనక నుంచి పలకరించిన దంపతులు మహబూబ్‌నగర్ వాళ్లు. వారి సామాన్లు వచ్చేశాయి, వారి కోసం బయట కారు కాచుకుని ఉంది; అయినా ఆ చెల్లె నా పక్కన కూర్చుని, అద్దాలు లేక అక్షరాలు కనిపించని నాకు ఫారం మొత్తం చదివి నింపింది. ఆమె భర్త మా అబ్బాయికి ఫోన్ చేసి, నా మందుల చీటీ ఫోటో వాట్సాప్‌లో తెప్పించి, మా బస దగ్గరి మందుల దుకాణానికి తోడు వచ్చారు. అక్కడి ఫార్మసిస్టు కంపెనీ పేరు పక్కనపెట్టి, మందు అసలు పేరూ, మిల్లీగ్రాములూ సరిపోల్చి, ఒకటికి రెండుసార్లు చూపించి ఇచ్చింది. రాత్రి పదింటికి మాత్ర వేసుకున్నాకే ఆ పిల్లలు తమ హోటలుకు కదిలారు. పెళ్లయ్యాక మొదటిసారి విదేశం వచ్చిన జంట, తొలి సాయంత్రాన్ని ఒక పెద్దమనిషి బీపీ కోసం ఖర్చుపెట్టారు. చెల్లె, మీ ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను. పాలమూరు వచ్చినప్పుడు మీ ఇంటికి వచ్చి కూర్చునే హక్కు కూడా నాకు వచ్చిందనుకుంటున్నాను.

తర్వాతి కృతజ్ఞతలు బాలిలో మాకు కారు నడిపిన తమ్ముడికి. సంచి విమానాశ్రయానికి చేరిందన్న కబురు వచ్చేటప్పటికి మేము ద్వీపం తూర్పున చండీదాసలో ఉన్నాం, మర్నాడే నేతపని చూడడానికి తెంగనాన్ అనే ఊరికి వెళ్లాలి. అది అతనికి సెలవు రోజు. నా సంతకం ఉన్న చీటీ, పాస్‌పోర్టు నకలు తీసుకుని మోటారు సైకిల్ మీద వెళ్లి, వానలో తడిసి, సంచిని మాత్రం ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చిచ్చాడు. పెట్రోలు డబ్బులు తప్ప ఒక్క రూపాయి ఎక్కువ పుచ్చుకోలేదు.

తెంగనాన్ ఊరి చుట్టూ గోడ, రాకపోకలకు గుమ్మాలు, లోపల రాళ్లు పరిచిన వెడల్పాటి వీధి, ఇరువైపులా బారుగా ఇళ్లు. టూరిస్టు కార్యక్రమాల్లో ఈ ఊరికి కేటాయించేది అరగంట. బాలిలో టూరిస్టులు ఎగబడే ఊయల మీద ఫోటోకు క్యూలో నిలబడే సమయం దీనికన్నా ఎక్కువ ఉంటుంది, ఇది నాకు మింగుడుపడలేదు. ఇక్కడ నేసే గెరింగ్సింగ్ కూడా నూలు మీది డబుల్ ఇక్కత్. ప్రపంచం మొత్తంలో ఈ పని సంప్రదాయంగా సాగే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ గుడ్డ రోగాలను దగ్గరికి రానివ్వదని వారి నమ్మకం, అందుకే శుభకార్యాలకు అది తప్పనిసరి. మాకు పని చూపించిన ఆమె వయసులో నాకన్నా పెద్దది. మన గుంటమగ్గంలా గోతిలో కాళ్లు ఉండవు. నేల మీద కాళ్లు చాపుకుని, నడుము వెనుక బద్ద ఆనించుకుని, పడుగును తన ఒంటి బరువుతోనే బిగబట్టి నేస్తుంది. నాలుగు పోగులు నేసి ఆగుతుంది. మొనదేలిన పుల్లతో ఒక్కో పోగును వెంట్రుకవాసి జరిపి, ఎరుపు అంచు ఎరుపు అంచును తాకేదాకా ముందుకు కదలదు.

నేను సంచిలోంచి పుట్టపాక గుడ్డ తీసి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె బొమ్మ చూడలేదు. గుడ్డను ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. తర్వాత ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి, నూనెలో నానబెట్టి ఆరబెట్టిన పసుపుపచ్చని నూలు చిలప ఒకటి తెచ్చి నా ముక్కుకు అందించింది. అదే జిడ్డు వాసన. వారు వాడేది ఆముదం కాదు, అక్రోటు వంటి కెమిరి గింజల నూనె. అందులో కట్టెబూడిద నీళ్లు కలిపి నెలకు పైగా నానబెడతారు. ఎరుపు తొగరు జాతి చెట్టు వేరు బెరడు నుంచి వస్తుంది, దాని కింద నీలిమందు పడిన చోట దాదాపు నలుపవుతుంది. ఒక్క గుడ్డ పూర్తవడానికి ఏళ్లు పడుతుంది. ఇదంతా ఆమె బాలి భాషలో చెబితే, తమ్ముడు ఇంగ్లీషులో చెబితే, నేను కాగితం మీద తెలుగులో రాసుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా విసుగు లేకుండా మాటలు మోసినందుకు అతనికి మరోసారి నమస్కారం. బూడిద దేనిదని ఆమె అడిగితే ఆముదపు చెట్టు బొమ్మ గీసి చూపించాను.

ఉలువాతు కొండ మీద కెచక్ ఆటలో రామాయణం చూశాం, బెసకిహ్ గుడి మెట్లెక్కాం. వాటి గురించి రాసేవారు చాలామంది ఉన్నారు కనుక వదిలేస్తున్నాను. తులాంబెన్ సముద్రంలో ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని తేలడం మాత్రం చెప్పాలి. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి దాడిలో దెబ్బతిన్న లిబర్టీ అనే అమెరికా సరుకుల ఓడను అక్కడి ఒడ్డుకు చేర్చారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు అది నీళ్లలోకి జారిపోయింది. ఒడ్డుకు దగ్గర్లోనే ఉన్నందున పైనుంచే దాని కొన కనిపిస్తుంది, చుట్టూ చేపల గుంపులు తిరుగుతుంటాయి. నా చేయి వదలకుండా ఈదిన ఆ శిక్షకురాలికీ, అంతకుముందు ఎండాకాలంలో మా పొలం బావిలో నా నడుముకు ఖాళీ డబ్బాలు కట్టి, "అత్తా, కాళ్లు ఆడించు, నేనున్న" అంటూ నీళ్ల భయం పోగొట్టిన మా మేనల్లుడికీ కృతజ్ఞతలు. దారి పొడవునా నా నసను భరించిన నా స్నేహితురాలికి వేరుగా చెప్పనక్కరలేదు, అయినా చెబుతున్నాను.

వచ్చిన వారంలోనే పుట్టపాక వెళ్లి ఫీజు చెల్లించాను. నడుము మగ్గం వీడియోను అన్న ఆపి ఆపి చూశారు. నూనె, బూడిద కొలతలు వదిన చెబుతుంటే రాసుకుని, ఇంగ్లీషులో పెట్టి, డ్రైవర్ తమ్ముడి ద్వారా తెంగనాన్‌కు పంపాను. ఆముదపు కాయలు ఎండబెట్టి కాల్చాలా, పచ్చివే కాల్చాలా అని అటు నుంచి ప్రశ్న వచ్చింది, ఎండినవేనని వదిన జవాబిచ్చారు. పని నేర్చుకోవాలనే ఆసక్తి ఉన్నవారు ఎవరైనా రావచ్చని, పెళ్లిళ్ల ఆర్డర్లు ఉన్న నెలల్లో మాత్రం ముందుగా ఫోన్ చేసి రమ్మని ఆ దంపతులు చెప్పమన్నారు. నంబరు కావలసినవారు నన్ను అడిగితే, వారిని అడిగి ఇస్తాను.