‘క్షామం ప్రకటించలేదు’ అంటే హమ్మయ్య అనుకోవాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎక్కడో ఒక దేశంలో జనం ఆకలితో అల్లాడుతున్నారన్న వార్త వస్తే మన పేపర్లు, టీవీలు అన్నీ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాయి: క్షామం అని ప్రకటించారా, లేదా? ప్రకటిస్తే మొదటి పేజీ, లేకపోతే లోపలెక్కడో నాలుగు లైన్లు. నా గొడవంతా దీని మీదే.

ఆకలి తీవ్రతను కొలవడానికి ఐపీసీ (ఇంటిగ్రేటెడ్ ఫుడ్ సెక్యూరిటీ ఫేజ్ క్లాసిఫికేషన్) అనే వర్గీకరణ ఉంది. 2004లో సోమాలియా కోసం తయారు చేశారు, తర్వాత చాలా దేశాలు వాడుతున్నాయి. ఇందులో ఐదు దశలు: మామూలు, ఒత్తిడి, సంక్షోభం, ఎమర్జెన్సీ, చివరిది క్షామం. ఒక ప్రాంతాన్ని ఐదో దశలో వేయాలంటే కనీసం 20 శాతం ఇళ్లలో తిండి దాదాపు లేని స్థితి ఉండాలి, ఐదేళ్లలోపు పిల్లల్లో కనీసం 30 శాతం మంది తీవ్రంగా చిక్కిపోయి ఉండాలి, ఆకలి వల్లో, ఆకలికి రోగం తోడయ్యో రోజుకు ప్రతి 10,000 మందిలో ఇద్దరు చనిపోతూ ఉండాలి. అంటే లక్ష మంది ఉన్నచోట రోజుకు 20 చావులు. మరి అదే లక్ష మందిలో రోజుకు 12 మంది పోతుంటే? అది నాలుగో దశ, అంటే ‘ఎమర్జెన్సీ’ మాత్రమే, కాబట్టి మన పేపర్లలో ఆ నాలుగు లైన్లే.

గీత అంత పైన గీయడాన్ని నేను తప్పు పట్టను. ప్రతిదాన్నీ క్షామం అంటూ పోతే ఆ మాటకు విలువ ఉండదు. కానీ సాయం కదలాల్సింది ఐదులో కాదు, మూడో దశ నుంచే అత్యవసరంగా సాయం అందాలని ఆ వర్గీకరణే చెబుతోంది. మూడో దశ అంటే ఏదో కొంచెం ఇబ్బంది అనుకునేరు, విత్తనాలకని దాచుకున్న గింజలు వండుకుని తినేసి, ఈనే పశువును కూడా అమ్మేసుకునే దశ అది. ఆ తర్వాత వాన పడినా వాళ్లకు వేయడానికి విత్తనం ఉండదు, పితకడానికి పాలిచ్చే పశువూ ఉండదు.

సోమాలియానే చూడండి. 2010 నుంచే హెచ్చరికలు వస్తున్నా, క్షామం ప్రకటించింది 2011 జూలై 20న. ఆ విపత్తులో సుమారు 2,58,000 మంది చనిపోయారని తర్వాత లెక్క తేలింది, వాళ్లలో దాదాపు సగం మంది ప్రకటన రాకముందే పోయారు. అక్కడే 2022లో మళ్లీ కరువొచ్చింది, ఈసారి సాయం పెంచారు, క్షామం అనే మాట వాడాల్సిన అవసరం రాలేదు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఒక్క ఏడాదిలోనే మామూలు కంటే అదనంగా 43,000 మంది చనిపోయి ఉంటారని తర్వాత ఒక అధ్యయనం అంచనా వేసింది. ప్రకటన లేదు కదా అని మనం వదిలేసిన వార్త ఇది.

ఈ లెక్కలు ఎలా తీస్తారో తెలుసా? పిల్లాడి ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో ఒక రంగుల టేపు చుడతారు, చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే ఎరుపు, అంటే పిల్లాడు ప్రమాదకరంగా చిక్కిపోయాడని. ఇంటివాళ్లను అడిగే ప్రశ్నలు కూడా సూటిగా ఉంటాయి, గత నాలుగు వారాల్లో ఇంట్లో తినడానికి ఏమీ లేని రోజు ఉందా, ఆకలితోనే పడుకున్నారా, ఒక పగలూ రాత్రీ మొత్తం ఏమీ తినకుండా గడిచిందా అని. అయితే టేపు పట్టుకుని వెళ్లేవాడికి దారి ఉండాలి కదా. యుద్ధం జరిగేచోట దారి ఉండదు, ఒక్కోసారి ప్రభుత్వమే ఒప్పుకోదు. సూడాన్‌లో 2024 ఆగస్టులో జంజం అనే నిరాశ్రయుల శిబిరంలో క్షామం ఉందని తేల్చితే, ఆ డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ఈ వర్గీకరణ నుంచే తప్పుకుంది. కాబట్టి ‘ప్రకటించలేదు’ అని రాస్తున్నప్పుడు కొలిచి లేదన్నారా, అసలు కొలవడానికే వీల్లేకపోయిందా అన్నది పాఠకుడికి తెలియాలి. రెండూ ఒకటి కావు.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. వాన పడకపోయినా కరువే, జనం తిండి లేక చనిపోయినా కరువే అని రాసేస్తున్నాం. మొదటిదానికి కరువు, రెండోదానికి క్షామం అని వేరుగా రాస్తే సగం గందరగోళం పోతుంది.

నేను అడిగేది పెద్ద పనేం కాదండీ. ఈసారి ఇలాంటి వార్త వేసినప్పుడు మూడో దశలో ఎంతమంది, నాలుగులో ఎంతమంది, కిందటి నివేదికలో ఎంతమంది అన్న మూడు అంకెలు మొదటి పేరాలోనే వేయండి. ప్రకటన సంగతి రెండో పేరాలో రాసుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు