బిల్లు లేని సీసా: ఎక్సైజ్ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఎక్సైజ్, మద్య నిషేధ శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

2025 డిసెంబరు 1 నుంచి రాష్ట్రంలోని 2,620 ఏ4 (చిల్లర మద్యం) దుకాణాలకు కొత్త లైసెన్సు కాలం మొదలైంది. 2027 నవంబరు 30 దాకా నడుస్తుంది. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 3 లక్షల రూపాయలనీ, గౌడ కులస్థులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం దుకాణాలు కేటాయించారనీ జనానికి తెలుసు. దుకాణాలు ఎవరికో తేల్చిన లాటరీ డ్రా గురించి ఊరూరా మాట్లాడుకున్నారు. ఆ లైసెన్సుకు ఏ షరతులున్నాయి, అవి కౌంటరు దగ్గర ఎంతవరకు నిలుస్తున్నాయి అన్నది మాత్రం చర్చకు రాలేదు. ఈ లేఖ దాని గురించే.

షరతులకు కొదవేం లేదు. 21 ఏళ్లు నిండని వారికి అమ్మకూడదు. ఎమ్మార్పీ మీద పైసా ఎక్కువ తీసుకోకూడదు. సీలు విప్పి లూజుగా పోయకూడదు. ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచి వచ్చిన సరుకు తప్ప మరొకటి దుకాణంలో ఉండకూడదు. వేళకు ముందు తెరవకూడదు, వేళ దాటాక అమ్మకూడదు. వీటిలో ఏది తప్పినా 1968 ఎక్సైజ్ చట్టం 31వ సెక్షను కింద లైసెన్సును సస్పెండు చేసే, రద్దు చేసే అధికారం మీ శాఖకు ఉంది. ఇంత ఉండీ, ఏ తప్పుకూ కౌంటరు దగ్గర రుజువు మిగలడం లేదు. డబ్బు చేతులు మారింది, సీసా సంచిలోకి వెళ్లింది, అంతే. ఎవరికి అమ్మారు, ఎంతకు అమ్మారు, ఒకటి అమ్మారా ఒక పెట్టె అమ్మారా అని తర్వాత అడిగితే చెప్పే కాగితం ఉండదు.

అందుకే మా కోరిక ఒక్కటే: ప్రతి సీసానూ అమ్మే క్షణంలో స్కాన్ చేయాలి, ప్రతి అమ్మకానికీ బిల్లు ఇవ్వాలి. దీన్ని లైసెన్సు షరతుల్లో మొదటి షరతుగా పెట్టండి. మిగతా షరతులన్నీ దీని మీదే నిలబడతాయి.

సీసా మూతకు అంటించే హోలోగ్రామ్ మీద ప్రతి సీసాకూ వేరే కోడ్ ఉంటుంది. డిస్టిలరీ నుంచి డిపోకు, డిపో నుంచి ఫలానా దుకాణానికి ఆ సీసా ఎలా వెళ్లిందో దాన్నిబట్టి చెప్పవచ్చు. ఇంత దూరం కాపాడుకొచ్చిన జాడ చివరి మూడడుగుల కౌంటరు మీద తెగిపోతోంది. దీనివల్ల నష్టం రెండు వైపుల నుంచి వస్తుంది.

మొదటిది నకిలీ. ఖాళీ సీసా సేకరించి, చవక సరుకు నింపి, కొత్త మూత వేసి, అసలు హోలోగ్రామ్‌ను చూసి అచ్చువేసిన కాపీ అంటిస్తారు. వినియోగదారు దాన్ని స్కాన్ చేస్తే ఆ కోడ్ శాఖ లెక్కల్లో ఉన్నదే కాబట్టి ‘అసలు’ అనే చూపిస్తుంది. ఒకే కోడ్‌తో వంద సీసాలు తిరిగినా ఒక్కొక్కటీ విడిగా చూస్తే అసలుదే. ఈ మోసం పట్టుబడాలంటే దారి ఒకటే: అసలు సీసా అమ్ముడైన క్షణంలో ఆ కోడ్ చెల్లిపోవాలి. అప్పుడు నల్లగొండలో నిన్న చెల్లిపోయిన కోడ్ ఇవాళ ఖమ్మం కౌంటరు మీదకు వస్తే మిషనే ఆపేస్తుంది. నకిలీలో మిథనాల్ ఉంటే వాసన, రంగు చూసి ఎవరూ కనిపెట్టలేరు. చూపు పోయేదీ, ప్రాణం పోయేదీ తాగిన తర్వాతే. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2025 అక్టోబరులో ములకలచెరువు నకిలీ మద్యం కేసు బయటపడ్డాకే అమ్మే ముందు స్కాన్ చేయాలన్న నిబంధన తెచ్చారు. మన దగ్గర అలాంటి కేసు బయటపడేదాకా ఆగాల్సిన అవసరం లేదు.

రెండోది బెల్టు షాపు, అంటే లైసెన్సు లేకుండా ఊళ్లో మద్యం అమ్మే కొట్టు. లైసెన్సుదారు కట్టే వార్షిక పన్ను అమ్మకం తగ్గితే తగ్గదు. కాబట్టి ఆ పన్ను గిట్టాక పైన అమ్మే ప్రతి పెట్టే అతనికి అదనపు రాబడి. చుట్టుపక్కల దుకాణం లేని పల్లెలన్నీ అతని కళ్లకు బజారుగానే కనిపిస్తాయి. క్వార్టర్ పెట్టెలో 180 మిల్లీలీటర్ల సీసాలు 48 ఉంటాయి, బీరు పెట్టెలో 650 మిల్లీలీటర్లవి 12. ఆటోలో నాలుగు పెట్టెలు వేసుకుంటే ఒక చిన్న పల్లెకు రెండు రోజుల సరుకు. దుకాణం ఉదయం పదింటికి తెరుస్తారు. బెల్టు షాపు కోడి కూయకముందే తెరిచి ఉంటుంది. కూలికి పోయే మనిషి ఆ పూట కూలి అక్కడే పోస్తాడు. ఎమ్మార్పీ మీద ఎంత వేస్తే అంత.

దాడి చేసినప్పుడు ఏం జరుగుతుందో మీ అధికారులకు తెలుసు. కిరాణా కొట్టు వెనక పది క్వార్టర్లు దొరుకుతాయి. కొట్టు మనిషి మీద ఎక్సైజ్ చట్టం 34(ఏ) సెక్షను కింద కేసు పడుతుంది, పంచనామా రాస్తారు. ఆ సీసాల కోడ్‌ను బట్టి అవి ఏ దుకాణానికి వెళ్లాయో ఇవాళ కూడా చెప్పవచ్చు. కానీ దుకాణదారు దగ్గర సిద్ధంగా ఒక జవాబుంటుంది: ‘కొనుక్కుపోయినవాడు తర్వాత ఏం చేశాడో నాకేం తెలుసు?’ బిల్లు ఉంటే ఈ జవాబు నిలవదు. పది సీసాలూ ఒకే బిల్లులో, ఒకే నిమిషంలో, మిగతా 38తో కలిసి అమ్మినట్టు తేలుతుంది. సీసీ కెమెరాలో ఆ నిమిషం చూస్తే చాలు. ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన మద్యానికి చట్టం ఎలాగూ హద్దు పెట్టింది. ఆ హద్దు దాటిన బిల్లును మిషన్ కొట్టకుండా చేయడం సాఫ్ట్‌వేరులో చిన్న పని. బెల్టు షాపు మీద ఊళ్లో మహిళలు ఫిర్యాదు చేస్తే, పట్టుకున్న చిన్న కొట్టుతో ఆగకుండా సరుకు ఇచ్చిన లైసెన్సు దాకా వెళ్లే దారి ఇదొక్కటే మాకు కనిపిస్తోంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లు కూడా సరుకు వచ్చే దారినే ఆపారు.

స్కాన్ పెట్టినా పనిచేయదని కొందరు అంటారు. పెట్టే పద్ధతి తెలియక పెడితే నిజంగానే పనిచేయదు. హోలోగ్రామ్ మూత వంపు మీద ముడతపడితే మామూలు లేజర్ స్కానర్ చదవదు. రెండు దిక్కుల (2డీ) కోడ్‌ను బొమ్మలా పట్టే ఇమేజర్ రకం కావాలి. ఫ్రిజ్ నుంచి తీసిన బీరు సీసా మీద చెమ్మ పట్టి కోడ్ మసకబారుతుంది. తుడిచి చూపాలి, లేదా ఆ ముద్ర సీసా నడుము మీదకు మారాలి. సాయంత్రం రద్దీలో సీసాకు నాలుగైదు సెకన్లు ఎక్కువ పడతాయి కాబట్టి ఒక్క స్కానర్ చాలదు, అమ్మే కిటికీకి ఒకటి ఉండాలి. కరెంటు పోతే నడవడానికి బ్యాటరీ, నెట్ పోతే బిల్లులు దాచుకుని తర్వాత పంపే సదుపాయం ఉండాలి. ‘సర్వర్ డౌన్’ అనే మాటే రేపటి సాకు అవుతుంది, దానికి ఇప్పుడే తలుపు మూయాలి.

అన్నిటికన్నా పెద్ద దొంగదారి ఇంకొకటి. పగలంతా బిల్లు లేకుండా అమ్మి, రాత్రి షట్టరు దించాక ఆ రోజు తగ్గిన సరుకంతా ఒకేసారి మిషన్‌లో కొట్టేయడం. పెట్టె మీది కోడ్ కొడితే లోపలి 48 సీసాలూ అమ్ముడైనట్టు పడేలా ఉంటే ఈ పని క్షణాల్లో అయిపోతుంది. కాబట్టి కౌంటరు మిషన్‌లో పెట్టె కోడ్ చెల్లకూడదు, సీసా కోడే చెల్లాలి. నంబరును చేత్తో టైపు చేస్తే బిల్లు మీద ఆ సంగతి వేరుగా అచ్చవ్వాలి. రాత్రి మూసే వేళకు పది నిమిషాల్లో నాలుగు వందల సీసాలు అమ్మినట్టు లెక్క వస్తే సీఐ గారు దుకాణం దాకా వెళ్లక్కర్లేదు, కుర్చీలోనే తెలిసిపోతుంది. అలాంటి దుకాణాల జాబితా ప్రతి ఉదయం జిల్లా అధికారికి దానంతటదే వెళ్లాలి.

బిల్లు మీద గెజిట్ దుకాణం నంబరు (నోటిఫికేషన్‌లో ఆ దుకాణానికి ఇచ్చిన సంఖ్య), తేదీ, నిమిషంతో సహా వేళ, బ్రాండు, పరిమాణం, బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ, తీసుకున్న మొత్తం ఉండాలి. చివరి రెండూ పక్కపక్కన ఉంటే ‘కూలింగ్ చార్జీ’ అనే పేరుతో చల్లటి బీరు మీద తీసుకునే పది, ఇరవై రూపాయలు ఎక్కడ రాయాలో దుకాణదారుకే తోచదు. ఎమ్మార్పీ అంటే అన్నీ కలుపుకున్న ధర, ఫ్రిజ్ కరెంటు ఖర్చు కూడా అందులోదే.

వయసు సంగతి. 21 ఏళ్ల షరతు కాగితం మీద గట్టిగా ఉంది, కౌంటరు మీద అసలు లేదు. అడగాలని రాశారు కానీ ఎలా అడగాలో రాయలేదు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు 18 నిండగానే వస్తాయి. కార్డు ఉందంటే 21 నిండినట్టు కాదు, పుట్టిన తేదీ చూడాలి. రద్దీలో అమ్మే కుర్రాడు తేదీల లెక్క వేయలేడు. అందుకని ‘ఈ తేదీన, అంతకు ముందు పుట్టినవారికే’ అని ఆ రోజు తేదీకి సరిగ్గా 21 ఏళ్ల వెనకటి తేదీ బిల్లు మిషన్ తెరమీద ఎప్పుడూ కనిపించాలి. చూడగానే ముప్పై దాటని ప్రతి మనిషినీ కార్డు అడగాలని షరతు పెట్టండి. హద్దు 21 అయినప్పుడు 21 దగ్గరే అనుమానం మొదలైతే, మీసం వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లాడు దాటిపోతాడు. చూసిన కార్డు రకాన్ని మిషన్‌లో నొక్కితేనే బిల్లు రావాలి. కార్డు నంబరు దాచొద్దు, దాని అవసరం లేదు. అమ్మే మనిషి ఎవరన్నది మాత్రం అవసరం. లైసెన్సుదారు పనివాళ్లకు ఇచ్చే నౌకర్‌నామా (అమ్మడానికి అనుమతి పత్రం) ఇప్పటికే ఉంది. ఆ పేరుతో మిషన్‌లోకి ప్రవేశించిన మనిషే అమ్మాలి. నౌకర్‌నామా లేనివాడు కౌంటరులో నిలబడితే తప్పు ఎవరిదని అడిగే వీలే ఉండదు.

బార్ల గురించి కొద్దిగానే రాస్తాం. అక్కడ బిల్లు ఉంది, లోటు కొలతలో ఉంది. 750 మిల్లీలీటర్ల సీసాకు 30 మిల్లీలీటర్ల పెగ్గులు 25. 60 అని చెప్పి 55 పోస్తే కొనేవాడికి నూటికి ఎనిమిది పాళ్లకు పైగా పోయినట్టు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కొలత గిన్నెతో, కొనేవాడి కళ్లముందు పోయాలి. ఖరీదైన సీసాలోకి చవక సరుకు చేరకుండా, ఖాళీ అయిన సీసా మీది కోడ్‌ను గీసేసి లేబుల్ చించాలి. నకిలీ చేసేవాళ్లకు ఖాళీ సీసాలు దొరికే చోట్లలో బారు పెరడు ఒకటి.

దూరం షరతు దగ్గర కొంచెం ఆగాలి. గుడి, బడి, ఆసుపత్రికి 100 మీటర్లని జనం చెప్పుకుంటారు. ఆ వంద ఎలా కొలుస్తారన్నది చాలామందికి తెలియదు. గాల్లో గీసిన గీత కాదు. దుకాణం ద్వారం మధ్య నుంచి, మనిషి మామూలుగా నడిచే దగ్గరి దారి వెంట, ఎదుటి ప్రాంగణం గేటు మధ్య దాకా కొలత. అందువల్లే షట్టరును పక్క సందులోకి తిప్పినా, బడి చిన్న గేటు మూసి ఉందని పెద్ద గేటుకు కొలిచినా లెక్క మారిపోతుంది. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన 500 మీటర్లలోపు మద్యం అమ్మరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న చెప్పింది. 20 వేలలోపు జనాభా ఉన్న చోట దాన్ని 2017 మార్చి 31న 220 మీటర్లకు తగ్గించింది. ఆ తీర్పు తర్వాత కేరళలో ఒక బారు తన ముందు వంకర టింకర నడవ కట్టి దూరం పెంచుకుంది. 2017 జులైలో మున్సిపల్ పరిధిలోని దుకాణాలకు ఈ నిషేధం లేదని కోర్టు స్పష్టం చేశాక చాలా చోట్ల ఆ చర్చే ఆగిపోయింది. మేం కోరేది కొత్త దూరం కాదు, కొలత బయటపెట్టడం. ఏ ద్వారం నుంచి ఏ గేటుకు, ఏ దారి వెంట, ఎన్ని మీటర్లు, ఎవరు కొలిచారు అన్నది పటంతో సహా దుకాణం గోడ మీద, శాఖ వెబ్‌సైటులో ఉండాలి. ద్వారం మార్చితే మళ్లీ కొలవాలి.

ఏజెన్సీ ప్రాంతాల్లో గ్రామసభ మాటకు 1996 పెసా (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం బలం ఇచ్చింది. మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం అందులో రాసి ఉంది. ఆదిలాబాద్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో గ్రామసభ తీర్మానం కాపీ జతచేయని దరఖాస్తును డ్రాలోకే తీసుకోకూడదు.

ఇక శిక్ష. ఎక్సైజ్ చట్టం 36వ సెక్షను కింద నమోదైన ఉల్లంఘన 47వ సెక్షను కింద కాంపౌండింగ్ ఫీజుతో, అంటే రాజీకి కట్టే రుసుముతో, ముగిసిపోతోంది. ఎక్కువ ధరకు అమ్మినా, పిల్లలకు అమ్మినా, బెల్టు షాపుకు సరుకు వేసినా లైసెన్సుదారుకు అది వ్యాపార ఖర్చులో ఒక పద్దు. వేళ మీరడం లాంటివాటికి ఫీజు ఉండనివ్వండి. మైనరుకు అమ్మకం, హద్దు దాటిన సరుకు, చెల్లిపోయిన కోడ్‌తో సీసా: ఈ మూడింటికీ కాంపౌండింగ్ ఉండకూడదు. మొదటిసారి వారం పాటు షట్టరు దించాలి, లైసెన్సు కాలంలో రెండోసారి దొరికితే 31వ సెక్షను వాడాలి. ఏ దుకాణం మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారో ఆ దుకాణం ముందున్న ధరల బోర్డు కిందే రాయించండి.

ఇప్పటి లైసెన్సుదారులకు స్కానర్లు, సాఫ్ట్‌వేరు సమకూర్చుకోవడానికి మూడు నెలల గడువు చాలు. ముందు ఒక్కో జిల్లాలో పది దుకాణాల్లో నడిపి, రాత్రి పది తర్వాత పడే బిల్లులను శాఖ స్వయంగా చూసుకున్నాక మిగతావాటికి విస్తరించవచ్చు.

ఇట్లు,
ఎక్సైజ్ నిబంధనల అమలును దగ్గరగా చూస్తున్న పౌరులం