స్టేజీ పెరగలేదు చిన్నా

చిన్నా,

రాత్రి ఫోన్లో "మొదటి స్టేజీ అన్నారు కదమ్మా, మూడు వారాల్లో రెండు ఎలా అయింది" అని అడిగి, నేను చెప్పేలోపే ఏడ్చేశావు. నాకూ గొంతు పూడుకుపోయింది. అందుకే రాస్తున్నా, నిదానంగా చదువు.

నా రొమ్ము కాన్సర్ మూడు వారాల్లో పెరిగిపోలేదురా. ముందు చెప్పింది చేత్తో తడిమి, మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చూసి వేసిన అంచనా. గడ్డ 1.8 సెంటీమీటర్లు, చంకలో బిళ్లలు, అదే లింఫ్ గ్రంథులు, వాచినట్టేమీ తగల్లేదు, కాబట్టి మొదటి స్టేజీ అన్నారు. ఆపరేషన్లో తీసిన గడ్డని కోసి కొలిస్తే 2.4 వచ్చింది, చంకలోంచి తీసిన 14 బిళ్లల్లో రెండింట్లో మైక్రోస్కోపు కింద కాన్సర్ కణాలు కనిపించాయి. స్కాన్‌కి అందనంత చిన్నవి కాబట్టి ముందు తెలియలేదు, అంతే. రిపోర్టులో గడ్డ సైజుకి రాసే టీ ముందు చిన్న పీ అక్షరం ఉంటుంది చూడు, అది కోసి పరీక్ష చేసి చెప్పిన మాట అన్నట్టు. ఆపరేషన్‌కి ముందు చెప్పినదానికి సీ రాస్తారు.

టీ అంటే గడ్డ ఎంత ఉంది, ఎన్ అంటే బిళ్లలకి పాకిందా, ఎమ్ అంటే దూరంగా ఎముకలకో లివర్‌కో ఊపిరితిత్తులకో వెళ్లిందా అని. రొమ్ములో అయితే 2 సెంటీమీటర్లు దాటి 5 లోపు ఉంటే టీ2, చంకలో ఒకటి నుంచి మూడు బిళ్లల్లో ఉంటే ఎన్1. నాది టీ2 ఎన్1 ఎమ్0, మూడూ కలిపితే రెండు-బి స్టేజీ. ఆ ఎమ్ పక్కన సున్నా ఉందే, ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ అయ్యాక దాన్ని ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలీదు.

ఈ లెక్క 1940ల్లో పియర్ డెన్వా అనే ఫ్రెంచి డాక్టరు మొదలుపెట్టినది. ఇప్పుడు ఏ దేశం డాక్టరైనా ఇదే రాస్తారు, కాబట్టి అక్కడ నీ డాక్టరు స్నేహితుడికి ఆ ఒక్క లైను పంపినా నా సంగతి చాలావరకు అర్థమైపోతుంది. గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా కాదా అని చెప్పే హార్మోన్ రిపోర్టు కూడా కలిపి పంపు, మందులు తేల్చడానికి అదీ కావాలి.

మీ నాన్నగారైతే కాగితంలో గ్రేడ్ 3 అని చూసి మూడో స్టేజీ అనుకుని, నాకు చెప్పకుండా ఫైలు బీరువాలో చీరల కింద పెట్టేశారు. కళ్లు ఎర్రగా ఉంటే నేనే గుచ్చి గుచ్చి అడిగాను. గ్రేడ్ వేరు, స్టేజీ వేరు. కణాలు మామూలు కణాలకి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పేది గ్రేడ్, జబ్బు ఎంత దూరం వెళ్లిందో చెప్పేది స్టేజీ.

వీధిలో వాళ్లు స్టేజీ ఎంత అని అడుగుతుంటే ఇంకెన్నాళ్లు అని అడిగినట్టే ఉంటుంది. మీ పెద్దమ్మ కూతురికి థైరాయిడ్ కాన్సర్ మెడలో బిళ్లలకి పాకినా మొదటి స్టేజీయే రాశారు, ఆ రకానికి 55 ఏళ్ల లోపు వాళ్ల లెక్క వేరట. ఒక్కో అవయవానికి ఒక్కో లెక్క ఉన్నప్పుడు, ఒట్టి అంకె విని జనం ఏం తేలుస్తారు?

నా వరకు ఆ అంకె మారడమే మంచిదైంది. బిళ్లల్లో ఉందని తేలింది కాబట్టే కీమో, తర్వాత రేడియేషన్ అన్నారు. తేలకపోతే ఆ రెండు బిళ్లల సంగతి ఎవరికి తెలిసేది?

గురువారం మొదటి కీమో. నువ్వు టికెట్ ఇప్పుడే బుక్ చేయకు. రేడియేషన్‌కి వారాల తరబడి రోజూ వెళ్లాలట, మీ నాన్నగారు ఒక్కరే తిప్పలేరు, అప్పుడు రా.

అమ్మ