ఏనుగుల్ని చూపించే పని ఊరివాళ్లకే ఇవ్వండి

సంపాదకులు గారికి,

పలమనేరు దగ్గర ముసలిమడుగులో కుంకీ ఏనుగుల (అడవి ఏనుగుల్ని తరమడానికి తర్ఫీదిచ్చిన ఏనుగులు) శిబిరం వచ్చాక మా వైపు ఒక మాట బాగా వినబడుతోంది. ఇక టూరిస్టులు వస్తారు, మా పక్కనున్న కౌండిన్య అడవికీ మంచి రోజులొస్తాయి అని. రావాలనే నేనూ కోరుకుంటున్నాను. కాకపోతే టికెట్టు ఎవరు కోస్తారు, ఆ డబ్బు ఎవరి చేతికి పోతుంది అన్నది ముందే తేల్చుకోవాలి. శబరిమల నుంచి తిరిగొస్తూ కేరళలోని తేక్కడిలో చూసింది నాచేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

మాల వేసుకుని వెళ్లే మనవాళ్లలో చాలామందికి తెలియదు, అయ్యప్ప కొండ పెరియార్ టైగర్ రిజర్వులోనే ఉందని. మేం ఐదుగురం తేక్కడి పక్కనున్న కుమిళిలో దిగి, ఒక గైడును వెంటబెట్టుకుని మూడు గంటలు అడవిలో నడిచాం. ఆయన మన్నాన్ తెగ మనిషి. మా చిత్తూరు వాళ్లకు తమిళం వస్తుంది కాబట్టి మాట్లాడుకోగలిగాం. జలగలు పట్టకుండా ముందు మా కాళ్లకు మోకాళ్ల దాకా గుడ్డ మేజోళ్లు కట్టించాడు. పట్టపగలే మసకగా ఉండే వాన అడవి అది. ఒకచోట ఏనుగు లద్దె దగ్గర వంగి చెయ్యి పెట్టి చూసి, ఇంకా వేడిగా ఉందంటూ మమ్మల్ని దారి మళ్లించాడు. కాసేపటికి నీళ్లకు అవతలి ఒడ్డున గుంపు కనబడింది. నాలుగు ఆడ ఏనుగులు, వాటి కాళ్ల మధ్య ఒక గున్న. ఇంకొంచెం దగ్గరికి పోదామని మాలో ఒకాయన అడిగితే, “బిడ్డ ఉంది” అని అక్కడే ఆపేశాడు.

మా కయ్యల్లో ఏనుగు అంటే రాత్రిపూట టపాకాయలు, డప్పులు, టార్చిలైట్లు. అది నింపాదిగా నీళ్లు తాగడం నేను చూసింది అదే మొదటిసారి.

అక్కడ ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. 1996లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన పథకం కింద అడవి చుట్టూ ఉన్న ఊళ్లలో, గూడేల్లో ఎకో డెవలప్‌మెంట్ కమిటీలు, అంటే అడవిని కాపాడుతూనే బతుకుతెరువు చూసుకునే ఊరి సంఘాలు పెట్టారు. వాటిలో ఒకటి ఒకప్పటి అడవి దొంగలది. వయన చెట్ల బెరడు, అంటే అడవి దాల్చిన చెక్క, చాటుగా ఒలుచుకొచ్చి అమ్మి బతికినవాళ్లు. లొంగిపోయిన వాళ్ల మీద కేసులు ఎత్తేసి, వాళ్లకు తెలిసిన దారుల్లోనే యాత్రికులను తిప్పే పని ఇచ్చారు. టైగర్ ట్రెయిల్ అని అడవిలో రాత్రి బస చేయించేది వాళ్లే, పక్కన తుపాకీతో ఒక ఫారెస్టు గార్డు ఉంటాడు. యాత్రికుడికి అది విహారం, అడవికి అదే గస్తీ. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వసంతసేన పేరుతో కూలి తీసుకోకుండా వంతులవారీగా అడవికి కాపలా తిరుగుతున్నారు. 2004లో ప్రపంచ బ్యాంకు డబ్బు ఆగిపోయినా పని ఆగలేదు. దాన్ని నడిపించడానికి పెరియార్ ఫౌండేషన్ పెట్టుకున్నారు.

కౌండిన్య పెరియార్ కాదని నాకు తెలుసు. మాది ఎండు అడవి, ముళ్లపొదలు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు వచ్చాయి, 1990లో అభయారణ్యం అయింది. ఇక్కడ ఏనుగు అడవిలో కన్నా చెరకు తోటలో ఎక్కువ కనబడుతుంది. కాబట్టి జీపుల్లో జనాన్ని ఎక్కించుకుని వెంటబడే సఫారీ మాకు వద్దే వద్దు. బెదిరిన ఏనుగు మళ్లీ మా ఊళ్ల మీదికే వస్తుంది. నీటి గుంట కనబడేంత దూరంలో ఒక మంచె, పూటకు పది మందికి మించని గుంపు, వెంట ఊరి ట్రాకరు ఉంటే చాలు. ఒక్కోరోజు ఏనుగు కనబడదు. ఆ సంగతి టికెట్టు మీదే రాయాలి.

రెండేళ్ల కిందట నా అరటి తోట ఒక్క రాత్రిలో నేలమట్టమైంది. పరిహారం చేతికొచ్చేసరికి తరువాతి పంట కూడా కోతకొచ్చింది. ఏనుగు వల్ల నష్టం రైతుది, ఏనుగు పేరు మీద లాభం ఎక్కడో ఉన్న రిసార్టు యజమానిది అయితే, మా వాళ్లకు దాని మీద ఇంకా కోపమే పెరుగుతుంది. టికెట్టు డబ్బులో ఒక వాటా పంట నష్టానికి వెంటనే ఇచ్చే నిధిగా ఊరి కమిటీ దగ్గరే ఉండాలి. మన రాష్ట్రంలోనే మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి వాళ్లు, అంటే అడవిని చూసుకునే ఊరివాళ్ల సంఘం, అతిథి గృహాలు నడుపుతున్నారు. ఇక్కడ ఎందుకు కుదరదు?

ఏ గుంపు ఏ రాత్రి ఏ గుట్ట దిగిందో ఇప్పుడు మాకు ఫోన్ చేసి చెప్పేది మా ఊరి కుర్రాళ్లే. అడవిలో యాత్రికుల కోసం ఏ పనికైనా టెండరు పిలిచే ముందు ఆ కుర్రాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండని, వీలైతే వాళ్లలో నలుగురిని ఒకసారి తేక్కడికి పంపండని అటవీ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా