అమ్మానాన్నలకు దసరా బట్టలు: మా కొట్టులో ఈసారి మార్పులు

నమస్కారం. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు, అత్తమామలకు దసరా బట్టలు పంపమని ఆర్డర్లు మొదలయ్యాయి. "వెయ్యి రూపాయల్లోపు మంచివేమైనా ఉన్నాయా?" అని చాలామంది అడుగుతున్నారు. ఉన్నమాట చెబుతాను.

గిఫ్ట్ బాక్సులు ఈసారి ఆపేశాం. ఆ డబ్బుకి ఇంకో మంచి తువ్వాలు వస్తుంది.

పెద్ద జరీ అంచు చీర మీద మాకు మిగిలేది ఎక్కువే. అయినా డెబ్బై దాటిన అమ్మగారికి అది కొనకండి. బరువు, పైగా జరీ గుచ్చుకుంటుంది. ఆవిడ దాన్ని బీరువాలో దాచి, ఇంట్లో పాత చీరే కట్టుకుంటారు. దారపు అంచున్న మంగళగిరి నూలు చీర హాయిగా ఉంటుంది. కొత్తలో గంజి వల్ల బిరుసుగా ఉన్నా ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. అడిగినవాళ్లకు మేమే నానబెట్టి, ఉతికి, ఆరేసి పంపుతాం. కానీ ఉతికిన చీర వాపసు తీసుకోలేం.

జాకెట్టు ముక్క ఇస్తే టైలర్ దగ్గరికి ఎవరు తిరుగుతారు? పాత జాకెట్టు కొలతకు పంపండి, కుట్టించి ఇస్తాం. భుజాల నొప్పి ఉంటే చెప్పండి, చేతులు వదులుగా పెట్టిస్తాం.

నాన్నగారికి పొందూరు ఖద్దరు పంచె అడుగుతున్నారు. వలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో నూలు వడికి నేసే సన్న ఖద్దరు అది. అంత పనికి ఆ ధర న్యాయమే, కానీ మీరు చెప్పే బడ్జెట్‌లో రాదు. రోజూ కట్టుకోవడానికి మెత్తటి లుంగీలు రెండు, పల్చటి నూలు తువ్వాళ్లు రెండు తీసుకోండి. మందపాటి టవల్ తడిస్తే వాళ్లు పిండలేరు. పల్చటిది త్వరగా ఆరుతుంది.

ఇంకో మాట. బాత్‌రూమ్‌లో జారని మ్యాట్, రాత్రి మనిషి కదలగానే వెలిగే చిన్న సెన్సార్ లైటు వాళ్లింట్లో ఉన్నాయా? లేకపోతే ముందు అవి కొనండి. మా కొట్లో దొరకవు, ఖరీదు మాత్రం తక్కువే. చీర సంక్రాంతికైనా పెట్టొచ్చు.

కుట్టు, ఉతుకు ఉన్న ఆర్డర్లు పండక్కి పదిహేను రోజుల ముందే ఇవ్వండి. ఏం కావాలని అడిగితే "నాకెందుకురా" అంటారు కాబట్టి, అమ్మగారు ఇంట్లో ఎక్కువగా కట్టుకునే చీర ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపండి. అలాంటి రంగు, అంచు మేం వెతికి పెడతాం.