ఆట తర్వాత ఇచ్చే బాదం పాల సంగతి
అందరికీ నమస్కారం. ఆదివారం క్రికెట్ అయ్యాక పిల్లలకు బాదం పాలు, పిస్తా పాలు పంచుతున్నాం కదా. నిన్న ఒక సీసా మీది అక్షరాలు కళ్లజోడు పెట్టుకుని మరీ చదివాను.

100 మిల్లీలీటర్లకు మొత్తం చక్కెర 12 గ్రాములట. సీసా 200 మిల్లీలీటర్లు, అంటే 24 గ్రాములు. ఇదంతా కలిపిన పంచదార కాదు. పాలలో సహజంగానే లాక్టోజ్ అనే చక్కెర 100 మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాములు ఉంటుంది. అది తీసేస్తే దాదాపు 14 గ్రాములు పైనుంచి వేసింది, సుమారు మూడున్నర చెంచాలు. ఇంట్లో గ్లాసు పాలలో ఇంత ఎవరైనా వేస్తారా? తేనె, పళ్లరసాల్లోనిది కూడా కలుపుకొని ఇలాంటి చక్కెర పెద్దవాళ్లకే రోజుకు సుమారు 25 గ్రాములు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

అలాగని అది విషమేమీ కాదు. సీసాకు సుమారు 6 గ్రాముల ప్రొటీన్, 200 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం వస్తాయి. కూల్‌డ్రింకులో అవి రెండూ ఉండవు.

కొనేటప్పుడు ‘కలిపిన చక్కెర’ అని విడిగా ఇచ్చే అంకె చూడండి. పదార్థాలను ఎక్కువ బరువున్న దానితో మొదలుపెట్టి రాస్తారు, బాదం ఎక్కడో చివర కనిపిస్తే అర్థమైపోతుంది. (నేను చూసిన పిస్తా సీసాలో పిస్తా లేనే లేదు, ఆకుపచ్చ రంగు మాత్రం ఉంది!)

ఈ ఆదివారం మా ఇంటి నుంచి చల్లటి మజ్జిగ తెస్తాను. గ్లాసులు ఎవరైనా తేగలరా?